కుదిరాయని రాశాను

ఫిబ్రవరి 4

పెదనాన్నా,

క్షేమమా అని అడగను. ముందు పార్సిల్ విప్పు, ఉత్తరం తర్వాత. విప్పావా? మొహానికి పెట్టుకున్నావా? అద్దంలో చూసుకో. సిగ్గుపడకు, ఎవరూ చూడడం లేదులే!

నేనే చేశాను! అద్దాలు అరగదీసింది నేను, ఫ్రేములో కూర్చోబెట్టింది నేను, చెవి దగ్గర వంపు తిప్పింది నేను. కళ్ళజోళ్ళ షాపులో చేరి ఎన్నాళ్ళయిందని? నాకంటే ముందు చేరినవాళ్ళు ఇంకా కౌంటరు తుడుస్తూనే ఉన్నారు. నేను మెషీను చూస్తూ చూస్తూనే పట్టేశాను. ఓనరమ్మకి తెలియదు, తెలిస్తే పొంగిపోతుంది. నిద్రా? నిద్ర ఎవరిక్కావాలి పెదనాన్నా, పడుకుంటే ఎన్ని పనులు వృథా!

ఎలా చేశానో విను. నీ పవరు చీటీ నా దగ్గరే ఉంది. ఇక కంటిపాపల మధ్య దూరం కావాలి. అది తప్పితే జోడు కుదరదు. ఓనరమ్మ అయితే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, స్కేలు పెట్టి, ఊపిరి బిగబట్టి కొలుస్తుంది. నాకెందుకు ఆ తంటా? అక్కకి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చిన రోజు మన ముగ్గురం దిగిన ఫొటో ఉందిగా. నీ చొక్కా గుండీ అసలు ఎంత ఉంటుందో నాకు తెలుసు, ఎన్ని కుట్టలేదు! ఫొటోలో గుండీ ఎంతుందో కొలిచాను, కళ్ళు కొలిచాను, లెక్క కట్టేశాను. గుండీ పట్టుకుని కళ్ళు కనిపెట్టినదాన్ని నేనొక్కదాన్నే!

ఇంకో సంగతి. పాత బస్సొకటి కొని, అందులోనే కళ్ళజోళ్ళ షాపు పెట్టి ఊరూరా తిప్పుతాను. దాని మీద పేరు నువ్వు రాయాలి. నీలం రంగు, పసుపు అంచు. చిన్నప్పుడు నువ్వు బోర్డులు రాస్తుంటే కింద నిచ్చెన పట్టుకుని వాగుతూ ఉండేదాన్ని, గుర్తుందా? అమ్మా నాన్నా పోయాక మా ఇద్దరికీ ఇల్లంటే నీ రంగు డబ్బాల వాసనే. ఇప్పుడు కూడా వీధిలో ఎక్కడైనా గోడకి రంగేస్తుంటే అక్కడే నిలబడిపోతాను. నిన్న ఒకతను "ఏమ్మా, రంగు అంటుకుంటుంది జరుగు" అన్నాడు. అంటుకోనీ అన్నాను!

అక్క మాత్రం టికెట్టు చించి చేతిలో పెట్టినట్టు ఒక్కటే మాట చించి పెడుతోంది. "పడుకో." మళ్ళీ కాసేపటికి, "పడుకో." దాని మొహం.

కాగితం అయిపోయింది, నాకు మాత్రం ఏమీ అవలేదు.

నీ గిలక్కాయ


ఫిబ్రవరి 13

చిరంజీవి గిలక్కాయకి పెదనాన్న దీవెనలు.

ఇక్కడ బాగానే ఉంది. పార్సిల్ అందింది. జోడు పెట్టుకున్నాను. బాగా కుదిరాయి. అక్షరాలు ముత్యాల్లా కనపడుతున్నాయి.

కింద రంగుల షాపతను చూసి "ఏంటి పెళ్ళికొడుకా" అన్నాడు. ఈ వయసులో. నేను మెట్లెక్కి గదిలోకి వచ్చేశాను.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు నిచ్చెన కింద ఉన్నట్టే ఉంది.

సైకిళ్ళ షాపుకి బోర్డు రాస్తున్నాను. నాకు ఎక్కువ రాయడం చేతకాదు. బోర్డు మీద నాలుగు మాటలు మించితే ఎవరూ చదవరు. ఆ అలవాటే వచ్చింది. నువ్వు రాయి. నేను చదువుతాను.

కొంచెం పడుకో కూడా.

పెదనాన్న


మార్చి 9

గిలక్కాయకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అక్క కింద షాపుకి ఫోన్ చేసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదు, తెలుసుగా. "ఊ" అన్నాను. అక్క చెప్పుకుపోయింది.

నువ్వు ఆస్పత్రిలో ఉన్నావంది. చాలా రోజులు నిద్ర లేదంది. షాపులో అందరి మీదా అరిచావంది. తర్వాత మంచం దిగలేదంది. నాకు సగమే అర్థమైంది. జ్వరమా అని అడుగుదామనుకున్నాను. ఈలోగా బస్సు టైమైందని పెట్టేసింది.

నేను రానా అని రాస్తున్నాను. అక్క ఇప్పుడే వద్దంది.

సైకిళ్ళ షాపతను బోర్డు చూసి "ఏంటండీ, లైను కొండ దిగుతోంది" అన్నాడు. గాలికి నిచ్చెన కదిలిందని చెప్పాను.

తిండి సరిగా తిను.

పెదనాన్న


మార్చి 28

పెదనాన్నకి,

ఇంటికి వచ్చాను. జ్వరం కాదు. దీని పేరు బైపోలార్ అట. డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్ళు మనసు పట్టుకోలేనంత పైకి పోతుంది. కొన్నాళ్ళు అడుక్కి పడిపోతుంది. మాత్రలు ఇచ్చింది. రోజూ వేసుకోవాలి.

అక్క బాగానే ఉంది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.


ఏప్రిల్ 6

గిలక్కాయకి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తిప్పి వెనకవైపు చూశాను. వెనక ఏమీ లేదు. కవరులో ఇంకో కాగితం ఉందేమోనని చూశాను. లేదు. కింద నీ పేరు కూడా లేదు.

నామీద కోపమా? ఆస్పత్రికి రాలేదనా? వచ్చినా ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. మంచం పక్కన కూర్చునేవాణ్ణి, అంతే. అదైనా చెయ్యాల్సింది.

ఆ జబ్బు పేరు కాగితం మీద రాసుకుని రంగుల షాపతనికి చూపించాను. అతనికీ తెలియదు. "పైకీ కిందకీ పోని మనిషెవడండీ" అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

ఫిబ్రవరి ఉత్తరం దిండు కింద ఉంది. అలాంటిది ఇంకొకటి రాయి. ఏది రాసినా సరే. గిలక్కాయ మోగకపోతే నాకు తోచడం లేదు.

పెదనాన్న


ఏప్రిల్ 21

పెదనాన్నా,

నీమీద కోపం లేదు. కోపం రావడానిక్కూడా ఓపిక కావాలి. అది కొంచెం కొంచెంగా వస్తోంది. ఈ ఉత్తరం మొన్న మొదలుపెట్టాను.

రంగుల షాపతనికి చెప్పు, అందరూ పైకీ కిందకీ పోతారు గానీ మెట్లు దిగి వస్తారు. నాకు మెట్లుండవు.

మాత్రలు వేసుకుంటే దాహం. నీళ్ళ సీసా చంకలోనే ఉంటుంది. చేతులు సన్నగా వణుకుతాయి. కళ్ళజోడు స్క్రూ ఎంతుంటుందో తెలుసా, ఆవగింజంత. పట్టుకోబోతే జారిపోతుంది. నేలమీద పాకి వెతుక్కుంటాను. ఓనరమ్మ తిట్టదు. తిడితే బాగుండును. నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టింది. వచ్చినవాళ్ళ జోళ్ళు తుడిచి ఇవ్వడం నా పని. "చేతులు కుదుటపడ్డాక చూద్దాం" అంది.

ఫిబ్రవరిలో నీకు ఉత్తరం రాసిన పిల్ల ఉంది చూడు. అది నేనే. అయినా ఎటో వెళ్ళిపోయినట్టుంది. దానికి అన్నీ వచ్చు. దానికి వీధిలో ప్రతివాళ్ళూ ఇష్టమే. అందరి మీదా అరిచింది కూడా అదేనంటుంది అక్క. కావచ్చు. అయినా అది గుర్తొచ్చి బెంగగా ఉంటుంది పెదనాన్నా. వేరే ఊళ్ళో ఉన్న మనిషి మీద బెంగ పుడితే బస్సెక్కి వెళ్ళొచ్చు. నామీద నాకే బెంగైతే ఏ బస్సెక్కను?

అది అప్పట్లో చాలా జోళ్ళు చేసింది. అన్నీ తిరిగొచ్చాయట. ఓనరమ్మ మళ్ళీ చేయించింది. నీదొక్కటే మిగిలింది. అందుకని ఒక్కటి అడుగుతాను. నిజంగా కుదిరిందా? ఒట్టు పెట్టి రాయి.

గిలక్కాయ


ఏప్రిల్ 30

గిలక్కాయకి,

ఒట్లు మనకొద్దు. ఒట్టు పెడితే మా అమ్మ చెంప వాయగొట్టేది.

కుదిరాయి. రోజూ పెట్టుకుంటున్నాను. ఇప్పుడు కూడా ముక్కు మీదే ఉన్నాయి.

నీ చెయ్యి వణకడం నాకు బాధగా ఉంది. బంగారం లాంటి చెయ్యి. మందుల వల్లే అయితే డాక్టరమ్మని అడుగు. నాకు మందుల సంగతి తెలియదు. నాకు తెలిసింది ఆ ఫిబ్రవరి ఉత్తరం.

ఆ పిల్ల నాకూ గుర్తొస్తోంది.

పెదనాన్న


మే 19

పెదనాన్నా! పెదనాన్నా!

వచ్చేసింది! నువ్వు అడిగిన పిల్ల వచ్చేసింది, ఇదిగో నీకు కావాల్సిన ఉత్తరం, దిండు కింద చోటు చూసుకో!

నువ్వు రాసింది చదవగానే తెలిసిపోయింది. అన్నీ తిరిగొచ్చాయి సరే, నీది కుదిరిందిగా! ఒక్కటి కుదిరిందంటే నా లెక్క కరెక్టే. మిగతావాళ్ళ కళ్ళే తేడా అయి ఉంటాయి. మరి ఈ మాత్రలెందుకు? డాక్టరమ్మని అడగమన్నావు. ఆవిణ్ణేం అడుగుతాను, సాక్ష్యం నీ ముక్కు మీదే ఉంటే! మానేశాను. అక్కకి చెప్పకు. నాలుక కింద దాచి, అది అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నాను. చెయ్యి చూడాలి నువ్వు, గోడకి కొట్టిన మేకులా నిలబడింది. స్క్రూలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. దాహం లేదు, నిద్ర లేదు, ఎంత వెలుతురో!

ఇంకా విను. అక్క బస్సు డ్రైవరుగారు ఉన్నారే, ఆయన దూరం బోర్డులు మసకగా ఉన్నాయన్నారు. పాపం, పెద్దాయన. ఓనరమ్మ భోజనానికి వెళ్ళినప్పుడు మెషీను దగ్గర కూర్చుని ఆయనకో జోడు చేసేశాను. కొలవలేదు కూడా! బస్సు అద్దంలో ఆయన మొహం ఒక్కసారి చూశాను, చాలదా? నిన్న ఇచ్చాను. పెట్టుకుంటే రోడ్డు వంగినట్టుంది అన్నారు. అలవాటవుతుంది, మా పెదనాన్నకి కాలేదా అన్నాను. సరేలేమ్మా అన్నారు. బంగారం లాంటి మనిషి.

బస్సు షాపు సంగతి మర్చిపోలేదు. నువ్వు రంగులు కలుపుతూ ఉండు. నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తాను. నువ్వూ నేనూ, నిచ్చెనా. అక్క రాదు, దానికి నవ్వడం మర్చిపోయే రోగం.

గిలక్కాయ గిలక్కాయ గిలక్కాయ


మే 28

అమ్మా,

ఫోన్లో నేను చెప్పింది నీకు పూర్తిగా వినపడలేదు. మధ్యలో పెట్టేశావు. అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. డ్రైవరు మాట దగ్గరికి రాగానే మిగతాది చదవడం ఆపేశాను. కిందికి దిగి ఫోను అడిగాను. రంగుల షాపతను నోరు తెరుచుకుని చూశాడు. ముందు అక్కకి చెప్పాను, ఆ జోడు ఆయన మొహం మీద నుంచి తీసెయ్యమని. అప్పటికే బస్సు డిపో గేటుకి రాసుకుందట. పక్కద్దం పగిలిందట. మనుషులకేమీ కాలేదు. ఆయనే జోడు తీసి జేబులో పెట్టుకున్నారట. నిన్ను ఏమీ అనొద్దన్నారట.

తర్వాత ఫోను నీకిమ్మన్నాను. నా జోడు కుదరలేదమ్మా అన్నాను. నువ్వు పెట్టేశావు.

నిన్ను మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది.

మొదటి రోజే కుదరలేదు. పెట్టుకుంటే నేల పైకి లేచినట్టుండేది. మెట్టు మీద పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. గాలికి నిచ్చెన కదలలేదు. లైను వంకర రాసింది నేనే. ఆ బోర్డు అతను వేరేవాళ్ళ చేత రాయించుకున్నాడు. ఆ తర్వాత పాత జోడుకి దారం కట్టుకుని పని చేశాను. సాయంత్రం నీ జోడు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తలనొప్పి వచ్చేది. నువ్వు చేశావని పెట్టుకునేవాణ్ణి.

నువ్వు బాధపడతావని కుదిరాయని రాశాను. నువ్వు ఒట్టు పెట్టమన్నప్పుడైనా నిజం రాయాల్సింది.

నీ లెక్క తప్పు కాదు. ఆ ఫొటో తీసి చూశాను. అందులో నేను మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాను. కెమెరా అతను సూటిగా చూస్తుంటే సిగ్గేసింది. మొహం తిప్పితే కళ్ళ మధ్య దూరం తగ్గినట్టు కనపడుతుంది. నువ్వు కొలిచింది తిరిగిపోయిన మొహాన్ని.

మాత్రలు వేసుకో. పొడుగు ఉత్తరాలు నేను అడిగి ఉండకూడదు. ఖాళీ కాగితం పంపినా తిప్పి చూడను. నువ్వు పంపావు, అది చాలు.

పెదనాన్న


జులై 2

పెదనాన్నా,

నీ ఉత్తరం అక్క ఆస్పత్రికి తెచ్చింది. చదివి మడిచి అక్కకే ఇచ్చేశాను. జవాబు రాయకూడదనుకున్నాను.

అక్క నిజం చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది. ఓనరమ్మ తిరిగొచ్చిన జోళ్ళన్నీ నా ముందు పెట్టి మరీ చెప్పింది. అందరిలోకీ అబద్ధం చెప్పింది నువ్వొక్కడివే. నేను నమ్మింది కూడా నిన్నొక్కణ్ణే.

ఇది రాసేశాను. ఇప్పుడు కొంచెం నయంగా ఉంది.

నువ్వు పడ్డావని తెలిసి ఏడ్చాను. ఏడుపు వచ్చిందని డాక్టరమ్మకి చెప్తే, మంచిదే, ఇది మామూలు ఏడుపు అంది. మాత్రల మోతాదు కొంచెం మార్చింది. రక్తం తీసి చూస్తూ ఉంటుంది. వణుకు తగ్గింది, పోలేదు. పోకపోవచ్చట.

డ్రైవరుగారి దగ్గరికి అక్క నన్ను తీసుకెళ్ళింది. కొత్త జోడు ఇస్తానన్నాను. "వద్దమ్మా, ఇంకో అద్దం పగిలితే డిపోలో నన్నే మ్యూజియంలో పెడతారు" అన్నారు. నవ్వాను. అక్క కూడా నవ్వింది, దానికి వచ్చు.

ఓనరమ్మ మళ్ళీ రమ్మంది. తను పక్కన ఉంటేనే మెషీను ముట్టుకోవాలని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. మొదట ఎవరికి చేస్తావని అడిగింది. నీకు అన్నాను. అయితే మనిషిని తీసుకురా, ఫొటోలు పనికిరావు అంది.

వస్తావా? కొలిచేది నేనే. ఎదురుగా కూర్చుని నా కళ్ళలోకి సూటిగా చూడాలి. తల తిప్పకూడదు. కాసేపే. నువ్వెప్పుడూ ఎవర్నీ అలా చూడలేదని నాకు తెలుసు.

గిలక్కాయ


జులై 10

గిలక్కాయకి దీవెనలు.

వస్తాను. ఆదివారం పొద్దున బస్సుకి. అక్కకి ఆ రోజు సెలవైతే నిన్ను బస్టాండుకి తోడు తీసుకురమ్మను.

నువ్వు అన్న మాటలు సరిగ్గానే ఉన్నాయి. దాచుకున్నాను.

సూటిగా చూడడం నేర్చుకుంటున్నాను. రంగుల షాపతని మీద ప్రయత్నించాను. అతను కాసేపు చూసి, "ఏం కావాలి, తెల్ల రంగా?" అన్నాడు. అవసరం లేకపోయినా ఒక డబ్బా కొన్నాను.

పెదనాన్న


ఆగస్టు 14

పెదనాన్నా,

జోడు పంపుతున్నాను. వారంపైనే పట్టింది. స్క్రూ రెండుసార్లు కింద పడింది. వెతుక్కున్నాను. ఓనరమ్మ చూసి సరేనంది.

పొద్దున మాత్ర వేసుకున్నాను. అక్క డ్యూటీకి వెళ్ళింది. కిటికీ కింద ఎవరో గోడకి రంగేస్తున్నారు. లేచి వెళ్ళలేదు, ఇక్కణ్ణుంచే వాసన చూస్తున్నాను.

కుదిరిందో లేదో నిజం రాయి.

గిలక్కాయ


ఆగస్టు 22

గిలక్కాయకి పెదనాన్న దీవెనలు.

జోడు అందింది. పెట్టుకుని మెట్లు దిగాను, ఎక్కాను. నేల నేల మీదే ఉంది. పాల డిపో గోడకి పేరు రాశాను. లైను నిలబడింది. రంగుల షాపతను వీధి అవతలి నుంచి కూడా చూసొచ్చాడు.

ఆ ఆదివారం నీకు ఒక సంగతి చెప్పలేదు. నువ్వు స్కేలు నా ముక్కు మీద పెట్టావు. స్కేలు వణికింది. నువ్వు ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పెట్టావు. తల తిప్పుదామనిపించింది. తిప్పలేదు. నువ్వు పుట్టినప్పటి నుంచీ నీ కళ్ళు అంత సేపు ఎప్పుడూ చూడలేదు. అలసిపోయి ఉన్నాయి. నీ కళ్ళే. ఎక్కడికో వెళ్ళిపోయిన పిల్లని వెతికాను. వెతకక్కర్లేకపోయింది.

ఫిబ్రవరి ఉత్తరం కొత్త జోడుతో మళ్ళీ చదివాను. చివరి లైన్లలో నీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరిగెడుతున్నాయి. పాత జోడుతో అది కనపడలేదు. ఆ పిల్ల మీద బెంగ పోలేదు. దాన్ని నా దగ్గరే ఉండనీ. నాకు ఖాళీయే, నేను చూసుకుంటాను. నువ్వు మాత్ర వేసుకో.

నిజం రాయమన్నావు. అద్దాలు కుదిరాయి. ఎడమ చెవి వెనక కాడ కొంచెం నొక్కుతోంది. ఇక్కడ ఎవరి చేతా సరిచేయించను. నువ్వొచ్చినప్పుడు చేద్దువుగాని. అందాకా నొక్కనీ.

పెదనాన్న